పెట్టె మీద రాసి ఉండని గురి

1902 ఏప్రిల్‌లో వైస్రాయి కర్జన్ దంపతులు నిజాం రాజ్యానికి షికారుకొచ్చి వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర మకాం వేశారు. మొదటిరోజు వేటలో కూలిన పులితో వాళ్లిద్దరినీ లాలా దీన్ దయాళ్ తీసిన ఫోటో నేటికీ ప్రసిద్ధమే. ఆ ఫోటో చూసేవాళ్లు పులిని చూస్తారు, దొరల దుస్తులు చూస్తారు, మహా అయితే తుపాకీ ఏ కంపెనీదని అడుగుతారు. అందులో ఏ తూటా పెట్టారన్న ప్రశ్న ఎవరికీ తోచదు. నూట ఇరవై ఏళ్లు దాటినా మన ధోరణి మారలేదు. అదే నెక్కొండ, నర్సంపేట, ములుగు, మహబూబాబాద్ ప్రాంతాల మక్క చేలను అడవి పందులు కుళ్లగిస్తున్నాయని గోల లేచినప్పుడల్లా, కాల్చడానికి అనుమతి ఎవరివ్వాలి, కాల్చేవాడెవడు, వాడి చేతిలో ఏ తుపాకీ ఉండాలి అన్నవాటి మీదే మాటలన్నీ నడుస్తాయి. తూటా దాకా వస్తే మటుకు చర్చ ఒక్క ముక్కలో తేలిపోతుంది: మంచిది కొనుక్కోవాలి. మంచిదంటే విదేశీది, ఖరీదైనది, గట్టిగా తన్నేది. ఒకసారికి ఒక్క తూటానే పట్టే సింగిల్ షాట్ రైఫిల్ అయితే ఇక చెప్పనే అక్కర్లేదు. రెండో అవకాశం లేదు కాబట్టి ఉన్నవాటిలోకెల్లా బలమైన తూటా వేసుకోవాలన్నది తుపాకీ లైసెన్సు ఉన్నవాళ్లలో దాదాపు వేదవాక్యం. నా వాదన దీనికి పూర్తిగా ఎదురు. గురి అనేది తూటా పెట్టెలో ఉండే గుణం కాదు. ఫలానా రైఫిల్‌కూ ఫలానా తయారీ విడతలో వచ్చిన తూటాకూ మధ్య కుదిరే పొత్తు అది. ఆ పొత్తును కాగితం మీద కాల్చి చూడకుండా ఏ ధరా, ఏ పేరూ చెప్పలేవు.

వాదనలోకి దిగేముందు దాని హద్దు గీసుకోవాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో సరదా వేట నేరం. 2022 సవరణ తర్వాత అడవి పంది రెండో షెడ్యూల్లో ఉంది. అది పంటకో ప్రాణానికో ముప్పు తెచ్చినప్పుడు, చట్టంలోని 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణాలు రాసి ఉత్తర్వు ఇస్తేనే కాల్చడం కుదురుతుంది. ఈ దారి కాదనుకున్నవాళ్లు చేలచుట్టూ కరెంటు తీగలు లాగుతారు, నాటుబాంబులు పెడతారు. ఆ తీగ పందినీ మనిషినీ వేరుచేసి చూడదు. 2024లో భూపాలపల్లి జిల్లా అడవిలో కూంబింగ్‌కు వెళ్లిన గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ అలాంటి తీగకే బలయ్యాడు. వీటన్నిటితో పోలిస్తే అనుమతి తీసుకుని, మనిషి కళ్లతో చూసి, ఒక్క గుండుతో పని ముగించడమే తక్కువ కీడు. అయితే ఆ మాట నిజం కావాలంటే ఆ ఒక్క గుండు ఎక్కడ దిగుతుందో ముందే తెలిసుండాలి. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ నున్నటి గొట్టం తుపాకీకి గొట్టం పొడవు 20 అంగుళాలకు తగ్గకూడదని కొలత పెట్టింది, పంట కాపలాకు మందు దట్టించే తుపాకీని పేరుపెట్టి చెప్పింది. ఏ తూటాతో ఆ తుపాకీ సూటిగా కొడుతుందన్నది చట్టం చెప్పే విషయం కాదు, చెప్పలేదు కూడా. అది తుపాకీ పట్టినవాడే తేల్చుకోవాల్సిన సంగతి. వాడేమో ఆ భారాన్ని దుకాణదారుడి మీదకు నెడుతున్నాడు.

పేరును బట్టి గురి ఎందుకు రాదో చూద్దాం. రైఫిల్ గొట్టం లోపలి గాడులు మెలికపడి ఉంటాయి. ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయన్నది తయారీ నాడే ఖాయమైపోతుంది, ఆ తర్వాత మార్చలేం. బుల్లెట్ ఎంత పొడుగైతే దాన్ని నిలకడగా తిప్పడానికి మెలిక అంత బిగువుగా ఉండాలి. వూలిచ్‌లో పాఠం చెప్పిన గణితవేత్త గ్రీన్‌హిల్ 1879లోనే దీనికి లెక్క కట్టి ఇచ్చాడు. ఒకే క్యాలిబర్‌లో బరువైన బుల్లెట్ అంటే పొడవైన బుల్లెట్ అని అర్థం. అమెరికా సైన్యం ఎమ్-16 రైఫిల్‌కు 55 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్ నుంచి 62 గ్రెయిన్ల కొత్త బుల్లెట్‌కు మారినప్పుడు, 12 అంగుళాలకు ఒక చుట్టు ఉన్న మెలికను 7 అంగుళాలకు బిగించి కొత్త గొట్టాలు చేయించుకోవలసి వచ్చింది. పాత గొట్టంలోంచి కొత్త బుల్లెట్ పోదని కాదు, పోతుంది, కానీ గాలిలో తూలుతూ పోతుంది. తూటా నాసిరకమా? కాదు. గొట్టం నాసిరకమా? అదీ కాదు. రెండూ మేలైనవే, ఒకదానికొకటి పొసగలేదు. ఒకే విత్తనం రేగడిలో ఒక తీరుగా, చల్కలో ఇంకో తీరుగా పండుతుందని తెలిసిన మన రైతుకు ఈ మాట విడమరచి చెప్పాల్సిన పనే లేదు. తుపాకీ చేతికి రాగానే ఆ తెలివిని గట్టు మీద వదిలేయడమే వింత.

మెలిక ఒక్కటే అయితే పెట్టె మీది గ్రెయిన్ల అంకె చూసి తేల్చుకోవచ్చు. చిక్కు అక్కడితో ఆగదు. చాంబర్‌లో తూటా కూర్చున్నాక బుల్లెట్‌కూ గాడులు మొదలయ్యే చోటుకూ మధ్య ఎంత ఖాళీ ఉంటుందో రైఫిల్ రైఫిల్‌కూ తేడా. మందు మండినప్పుడు గొట్టం కంపిస్తుంది. బుల్లెట్ మూతి దాటే క్షణానికి ఆ కంపనం ఏ దశలో ఉందన్నది మందు రకాన్ని బట్టి, వేగాన్ని బట్టి, గొట్టం మందాన్ని బట్టి మారుతుంది. సింగిల్ షాట్ రైఫిళ్లలో ఇంకో చిక్కు ఉంది. చాలావాటికి కర్ర రెండు ముక్కలుగా ఉంటుంది: భుజానికి ఆనించే ముక్క వేరు, గొట్టం కింద ఎడమచెయ్యి పట్టే ముక్క వేరు. ఆ ముందుముక్క గొట్టాన్ని ఎంత ఒత్తుతుందన్నదాన్ని బట్టి గుళ్లు పడే చోటు జరుగుతుంది. 1960ల చివర వచ్చిన రూగర్ నంబర్ వన్ అందమైన రైఫిలే, కానీ ముందుకర్ర బిగింపు వల్ల తూటాల విషయంలో దానికి పట్టింపు ఎక్కువన్న పేరు మొదటినుంచీ ఉంది. మ్యాగజీన్ లేదు కాబట్టి సింగిల్ షాట్ సహజంగానే సూటిగా కొడుతుందని అనేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు. మ్యాగజీన్ లేకపోవడం వల్ల పొడవైన తూటా పట్టించుకునే వీలుంటుంది, నిజమే. అయితే ఆ లాభం తూటాలు స్వయంగా కట్టుకునేవాడికి. ఫ్యాక్టరీ తూటా పొడవు ప్రమాణాల ప్రకారం ముందే నిర్ణయమై వస్తుంది. లైసెన్సు లేకుండా తూటాలు కట్టుకోవడం మన దేశంలో నేరం గనక మనవాళ్లకు ఆ లాభం దాదాపు సున్నా.

ఇదేదో కొత్తగా కనిపెట్టిన సిద్ధాంతం కాదు. సంస్థానాల కాలంలో మన అడవులకు వచ్చిన బ్రిటిష్ జోడుగొట్టాల రైఫిళ్లను, ఒక నిర్ణీత తూటాతో కాల్చి చూస్తూ రెండు గొట్టాల గుళ్లూ ఒకే చోట పడేదాకా సరిచేసి అమ్మేవారు. ఏ తూటా బరువు, ఎంత కార్డైట్ మందు అన్నది చాలావాటి లోహం మీదే చెక్కి ఉంటుంది. వేరే తూటా వేస్తే గొట్టాలు చెరో దిక్కు కొడతాయని తయారుచేసినవాడికే తెలుసు. అలాంటి రైఫిల్ వారసత్వంగా వచ్చిన ఇంట్లో నేడు దొరికిన తూటా వేసి, గురి తప్పితే తుపాకీ ముసలిదైందంటారు. ముసలితనం తుపాకీది కాకపోవచ్చు.

ఇంకా గట్టి సాక్ష్యం కావాలంటే 50 మీటర్ల ఒలింపిక్ రైఫిల్ పోటీ చూడాలి. అక్కడ వాడేది .22 బోర్ రైఫిల్. నిబంధన ప్రకారం అది సింగిల్ షాటే, ప్రతి తూటానూ చేత్తో పెట్టుకోవాలి. 50 మీటర్ల దూరంలో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. ఈ పోటీల్లో పాల్గొనేవాళ్లు ఎలీ, లాపువా, ఆర్‌డబ్ల్యుఎస్ లాంటి పేరున్న తూటాలే వాడతారు. పేరు చాలుననుకుంటే కథ అక్కడే ముగియాలి. కానీ ఆ కంపెనీలే పరీక్షా కేంద్రాలు నడుపుతున్నాయి. జర్మనీలోని షోనెబెక్‌లో ఉన్న లాపువా కేంద్రానికి షూటర్ తన రైఫిల్ పట్టుకెళ్తే దాన్ని బిగించి, ఒకే రకం, ఒకే ధర తూటాలోనే వేర్వేరు లాట్లు, అంటే తయారీ విడతలు, వరసగా కాల్చి, ఆ రైఫిల్‌కు ఏ లాట్ నప్పిందో చూపిస్తారు. నచ్చిన లాట్‌నే అతను పెద్దమొత్తంలో కొనుక్కుంటాడు. పక్క షూటర్ రైఫిల్‌కు అదే లాట్ నప్పకపోవచ్చు. తన సరుకులో తేడాలున్నాయని ఏ వ్యాపారీ ఊరికే ఒప్పుకోడు. తయారీదారే పేరును నమ్ముకోవద్దు, కాల్చి ఎంచుకోమంటుంటే, వరంగల్‌లో కూర్చుని పెట్టె మీద ముద్ర చూసి నిశ్చింతగా ఉండేవాళ్లను ఏమనాలి? వేట తూటాలకు అంత నాణ్యమైన తనిఖీ ఉండదు గనక లాట్ల మధ్య తేడా అక్కడ ఎక్కువే ఉంటుందని ఊహించుకోవడం న్యాయం.

కాల్చి చూశామనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల రుజువు సాధారణంగా ఒక కాగితం: వంద మీటర్ల దూరాన మూడు గుళ్లు, మూడూ ఒక అంగుళంలో. ఈ మూడు గుళ్ల లెక్క ఎంత బలహీనమో గణితం చెబుతుంది. ఒక రైఫిల్, ఒక తూటా కలిసి గుళ్లను ఏదో ఒక విస్తీర్ణంలో చెదరగొడతాయి. ఆ చెదురుకు కొలమానం ఒకటి అనుకుంటే మూడు గుళ్ల గ్రూపులో అతి దూరంగా పడ్డ రెంటి మధ్య ఎడం సగటున 2.4 ఉంటుంది, ఐదింటికి 3.1, పదింటికి 3.8. అంటే ఏమీ మారకుండానే పది గుళ్ల గ్రూపు మూడు గుళ్ల గ్రూపుకు ఒకటిన్నర రెట్లు దాటి కనిపిస్తుంది. పైగా మూడు గుళ్ల గ్రూపు తన సగటు నుంచి మూడో వంతుకు పైగా అటో ఇటో ఊగడం మామూలే. అలాంటి నాలుగు గ్రూపులు కాల్చి అన్నిటికన్నా చిన్నదాన్ని జేబులో పెట్టుకు తిరిగితే ఏ తూటా అయినా బంగారంలాగే కనిపిస్తుంది. రెండు రకాల తూటాల్లో ఏది మేలో తేల్చడానికి మూడేసి గుళ్లు కాల్చడం బొమ్మా బొరుసా వేసినదానికి పెద్ద మెరుగేమీ కాదు. చెరో పది కాల్చాలి, గొట్టం చల్లారనిస్తూ కాల్చాలి, బల్ల మీద ఇసుకసంచుల ఆసరాతో కాల్చాలి.

ఇక్కడ ఎదుటివాళ్లకు గట్టి అభ్యంతరమే ఒకటుంది, దాన్ని దాటవేయను. చేనుగట్టు మీద పందిని కాల్చే దూరం యాభై అరవై మీటర్లు. పెద్ద పందిలో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు రమారమి 15 సెంటీమీటర్లు. ఆ దూరంలో ఎంత చెత్త తూటా అయినా అందులోనే పడుతుంది కదా, ఒలింపిక్ షూటర్ల చాదస్తం రైతుకెందుకు? సగం నిజం ఇందులో ఉంది. చీకట్లో, టార్చి వెలుతురులో, అదిరే గుండెతో కాల్చేవాడి చేతి చెదురు ఆ దూరంలో 4 సెంటీమీటర్లు అనుకుందాం. తూటా తెచ్చే చెదురు 2 సెంటీమీటర్లయితే రెండూ కలిసి సుమారు 4.5 అవుతుంది. తూటాను సగం మెరుగుపరిచి 1 చేస్తే 4.1. ఇలాంటి తప్పులు నేరుగా కూడవు, వాటి వర్గాలు కూడతాయి గనక పెద్ద తప్పు ముందు చిన్న తప్పు మాయమవుతుంది. కాబట్టి అతి బిగువైన గ్రూపు కోసం వేలు పోయడం వృథా అని నేనూ అంటాను. గమనించండి, ఈ లెక్క ఖరీదైన తూటా వాదాన్నే ముందు కూలదోస్తుంది. అయితే ఇది చెదురు సంగతి మాత్రమే. తూటా మారిస్తే గుళ్లు చెదరడమే కాదు, గుంపుకు గుంపే పక్కకు జరుగుతుంది. 150 గ్రెయిన్ల బుల్లెట్‌తో జీరో చేసిన, అంటే గురి సరిచేసిన, రైఫిల్లో 180 గ్రెయిన్లది పెడితే గుంపు నడిమి బిందువు కొన్ని సెంటీమీటర్లు ఎటైనా తప్పుకోవచ్చు. ఈ తప్పు ఎన్నిసార్లు కాల్చినా సగటులో కరిగిపోదు, ప్రతిసారీ అదే దిక్కుకు లాగుతుంది. పంది మూపు ఎత్తుగా ఉండి గుండె బాగా కింద, ముంగాళ్ల మధ్య ఉంటుంది గనక, అసలే పైకి గురిపెట్టే అలవాటున్నవాడికి ఇంకో ఆరు సెంటీమీటర్లు పైకి జరిగితే గుండు కండలోంచి దూసుకుపోయి, దెబ్బతిన్న పంది తెల్లారి పత్తి ఏరే కూలీలకు ఎదురుపడుతుంది. గత ఏడాది మిగిలినవి నాలుగు, అరువు తెచ్చినవి మూడు, కొత్త పెట్టెలోవి ఐదు కలిపి జేబులో వేసుకునేవాడికి, అవన్నీ విడివిడిగా ఎంత మేలిరకమైనా, ప్రయోజనం లేదు.

బలం సంగతి చూద్దాం. ఒక్కటే అవకాశం కాబట్టి బలమైనది కావాలంటారు. బలమైన తూటాకు వెనుక తన్ను కూడా ఎక్కువే. సింగిల్ షాట్ రైఫిళ్లు తరచు తేలికగా, పొట్టిగా ఉంటాయి, తన్ను ఇంకా తెలుస్తుంది. ఆ తన్నుకు భయపడి ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్లు మూసుకుని భుజం బిగించే జబ్బు రెండు మూడు పెట్టెల్లో పట్టుకుంటుంది, వదలడానికి ఏళ్లు పడుతుంది. పైన చెప్పిన 4 సెంటీమీటర్ల చేతి చెదురు అప్పుడు 8 అవుతుంది. పందిని కూల్చేది బుల్లెట్ సరైన చోట దిగి, అక్కడ విచ్చుకోవడం. కడుపులో దిగిన పెద్ద బుల్లెట్ పందిని రెండు మూడు కిలోమీటర్లు నడిపిస్తుంది. విచ్చుకోవడం అన్నాను గనక, గురి ఒక్కటే చూసేవాళ్లకూ ఒక హెచ్చరిక: కాగితం మీద అన్నిటికన్నా బాగా కొట్టే మ్యాచ్ (పోటీ) బుల్లెట్లు జంతువు కోసం చేసినవి కావు. మ్యాచ్‌కింగ్ బుల్లెట్లు తయారుచేసే సియెరా కంపెనీయే వాటిని వేటకు వాడొద్దంటుంది. మెత్తని ముక్కు వేట బుల్లెట్లలోంచి తన రైఫిల్‌కు నప్పినదాన్ని ఎంచుకోవాలి.

మన దగ్గర ఎంచుకోవడానికి ఏముంది అన్నది రెండో అభ్యంతరం. సైన్యం వాడే .303 సామాన్యుడికి దక్కకుండా తెల్లదొరలు నిషేధిస్తే ఆ సందులోంచి .315 బోర్ మన దేశంలో పాతుకుపోయింది. దానికి తూటా అంటే ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీదే, 244 గ్రెయిన్ల మెత్తముక్కు బుల్లెట్‌తో పుణె దగ్గరి ఖడ్కీ నుంచి వస్తుంది. ఎంపిక లేనిచోట ఎంపిక గురించి ఉపన్యాసమెందుకని అడుగుతారు. ఈ అభ్యంతరం నా వాదనకు అనుకూలమే. పేరు ఒక్కటే ఉన్నప్పుడు పేరును బట్టి ఎంచుకోవడం ఎలాగూ లేదు, మిగిలింది లాట్‌ను బట్టి ఎంచుకోవడమే. అచ్చం ఆ ఒలింపిక్ షూటర్ చేసే పనే. పెట్టె మీద లాట్ నంబరు, తయారైన సంవత్సరం చూసి రెండు లాట్లలోంచి చెరి కొన్ని తెచ్చుకుని పరీక్షించుకోవచ్చు. (2021 అక్టోబర్‌లో ఆర్డ్‌నెన్స్ బోర్డును ఏడు కంపెనీలుగా విడగొట్టాక తుపాకీ చేసే కంపెనీ వేరు, తూటా చేసే కంపెనీ వేరు అయ్యాయి. రెంటి పొత్తు కుదిరిందో లేదో చూసుకునే బాధ్యత కొనేవాడి మీద మరింత పడింది.) ఇక నున్నటి గొట్టం పన్నెండు బోర్ ఒంటిగొట్టం తుపాకీలు మన పల్లెల్లో రైఫిళ్ల కన్నా ఎక్కువ. వాటిలో ఎల్‌జీ, ఎస్‌జీ గుళ్లు ఏ దూరానికి ఎంత వెడల్పున పరుచుకుంటాయన్నది గొట్టం మూతి బిగువునూ తూటానూ బట్టి మారుతుంది. రేంజి మీద పాత పేపరు నిలువునా కట్టి ముప్పై మీటర్ల నుంచి ఒకసారి కొడితే తెలిసిపోయేదాన్ని అంచనాకు వదిలేస్తున్నారు.

దుకాణదారు చెప్పనిది ఇంకోటుంది. మందు వేడెక్కితే పీడనం, వేగం పెరుగుతాయి. యాసంగి మక్క చేతికొచ్చేది మన ఎండలు ముదిరే వేళకే. డిసెంబర్ చలిలో జీరో చేసిన రైఫిల్‌కు, ఏప్రిల్ మధ్యాహ్నం జీపు డ్యాష్‌బోర్డు మీద కాగిన తూటా పెడితే అది అదే తూటా కాదు. యూరప్‌లో, అమెరికాలో అచ్చయిన వేగాల పట్టికలు మన వేసవిని దృష్టిలో పెట్టుకుని రాసినవి కావు. వాటిని కంఠస్థం చేసి వాదించేవాళ్లు ఒక పెట్టెను నీడలో, మరో పెట్టెను ఎండలో ఉంచి కాల్చి చూస్తే నేను వాదించాల్సిన పని తగ్గేది. ఏళ్ల తరబడి రేకుల పెట్టెలో మగ్గిన తూటాల మాట సరేసరి. వాటిని దాచుకోవడం పొదుపు కాదు, మొదటి గుండు పేలకపోతే సింగిల్ షాట్ పట్టుకున్నవాడి చేతిలో మిగిలేది ఇనుప కర్ర.

చివరి అభ్యంతరం లైసెన్సుది, అన్నిటికన్నా నిజమైనదీ అదే. లైసెన్సు పుస్తకంలో ఒకసారికి ఎన్ని తూటాలు దగ్గర ఉంచుకోవచ్చో, ఏడాదికి ఎన్ని కొనొచ్చో రాసి ఉంటుంది. ఆ కాసిన్నిట్లో పరీక్షలకెన్ని పోయాలి? ఏడాదికి యాభై అని రాసి ఉందనుకుందాం. రెండు లాట్లకు చెరో పది, నప్పిన లాట్‌తో జీరో సరిచూసుకోవడానికి ఐదు. పాతిక మిగులుతాయి. అనుమతి మీద పంట కాపాడే పనికి పాతిక చాలవు అనేవాడు ఒక్క గుండుకు ఒక్క పంది పడుతుందని నమ్మడం లేదన్నమాట. అప్పుడు అతను సింగిల్ షాట్ పట్టుకోవడమే పొరపాటు. కాల్చి చూసే చోటు కూడా లేదంటారు. ఇది న్యాయమైన ఫిర్యాదు. చేలో చెట్టుకు డబ్బా కట్టి కొట్టకూడదు, అది నేరమూ ప్రమాదమూ. పోలీసు ఫైరింగ్ రేంజి మీద, అధికారుల సమక్షంలో, కాల్చే అనుమతి ఇచ్చేముందే పది గుళ్ల కాగితం ఒకటి తీసుకుని, దాని మీద రైఫిల్ నంబరుతో పాటు తూటా లాట్ నంబరు కూడా రాయించుకుంటే సరిపోతుంది. ఉత్తర్వులో షూటర్ పేరు ఎలాగూ ఉంటుంది, పక్కన ఈ రెండు నంబర్లకు చోటు చాలకపోదు. ఆ లాట్ అయిపోయి కొత్త పెట్టె విప్పిననాడు పాత కాగితం చెల్లదు, మళ్లీ పది కాల్చాల్సిందే.